సెలూన్‌కు పోకముందే ఇంట్ల: మీ కుక్కకు మొదటి గ్రూమింగ్

[హన్మకొండల మా ఇంటి అరుగు. ఒడిల షిహ్‌ట్జు జాతి కుక్క]

నమస్తే. వీడు బుజ్జిగాడు. మొదటిసారి గ్రూమింగ్‌కు, అంటే స్నానం, గోర్లు, బొచ్చు సాఫ్ చేపియ్యనీకి, తీస్కపోయిన్నాడు సగం కటింగ్‌తోనే ఇంటికొచ్చిండు. ఒక చెవికి బొచ్చున్నది, ఇంకో చెవికి లేదు. బొచ్చు ఆరవెట్టే బ్లోయర్ ఆన్ చేయంగనే టేబుల్ మీదికెళ్లి ఒక్క దుంకు దుంకిండు. మా అమ్మ చూసి "ఎలుకలు కొరికినయారా వీన్ని" అన్నది. షాపాయన తప్పేం లేదు. అప్పటిదాక వాని కాలు ఎవ్వరు పట్టుకోలే, టేబుల్ ఎక్కియ్యలే, ఆ సప్పుడు ఇనిపియ్యలే. అన్నీ ఒక్కనాడే మీద వేసిన నేను.

[ముందు కాలు, దగ్గరి నుంచి]

అందుకే కాలుతోని మొదలువెడదాం. ఇట్ల పట్టుకొని పాదం కింది మెత్త మీద మెల్లగ ఒత్తండి, గోరు బయటికొస్తది. లోపల గులాబి రంగు గీత కనవడ్తుందా? అండ్ల రక్తనాళం, నరం ఉంటయి. తెగితే రక్తం కారుతది, మస్తు నొప్పి. నల్లగోర్లకైతే అది బయటికి కనవడది. గ్రూమర్ జర్రంత జర్రంత కత్తిరించుకుంట పోవాలె, అంతసేపు కుక్క కాలు ఇయ్యాలె. ఇంట్ల రోజుకు రెండు నిమిషాలు చాలు: కాలు వట్టుడు, ఉప్పు లేకుండ ఉడకవెట్టిన చికెన్ ముక్క పెట్టుడు, ఇడిచిపెట్టుడు. అది గుంజుకోకముందే మీరే ఇడవాలె. గుంజుకున్నంక ఇడిస్తే, గుంజితే ఇడుస్తరని నేర్చుకుంటది. చెవులు, మూతి, తోక కింద కూడ గిట్లనే.

ఇగ సప్పుడు. హెయిర్ డ్రయ్యర్ పక్క అర్రల పెట్టి ఆన్ చేయండి. సప్పుడు ఉన్నంతసేపు చికెన్, ఆగంగనే చికెన్ బంద్. రోజుకింత దగ్గరికి తేండి. పెదాలు నాక్కుంట, ఊకె ఆవలిస్తుంటే నిద్రొస్తుందనుకోకండి, అది భయపడ్తున్నది. నిన్నటి దూరానికి ఎనుకకు పోండి. దీపావళి పటాకుల వారంల మాత్రం ఈ పని పెట్టుకోకండి, సెలూన్‌కు కూడ తీస్కపోకండి.

టేబుల్ కూడ అలవాటు చేయాలె. కాళ్ళు జారితే సగం భయం అక్కడ్నే. ఇంట్ల బల్ల మీద పాత రబ్బరు పట్ట ఏసి నిలవెట్టండి, చెయ్యి మాత్రం తియ్యకండి.

[దువ్వెన, చెవి ఎనుక]

చాలామంది పైపైన దువ్వి, నున్నగున్నదిగా అనుకుంటరు. చూడండి, చెవి ఎనుక, సంకల, తొడ లోపల దువ్వెన ఆగుతున్నది. జడకట్టింది. దీన్ని ఇప్పకుండ నీళ్ళు పోస్తే ఇంకింత బిగుసుకపోతది, చర్మాన్ని గుంజుతది. గప్పుడు గ్రూమర్‌కు మెషిన్ పెట్టి గీకుడే మిగుల్తది. మొదలుదాక దువ్వి తీస్కపోండి.

గీకుడు అంటే గుండు యాదికొచ్చింది. మే నెల వచ్చిందంటే మన దిక్కు స్పిట్జ్‌లకు వేములవాడల మొక్కు తీర్చినట్టు గుండు కొట్టిస్తరు. వద్దు. స్పిట్జ్‌కు, గోల్డెన్ రిట్రీవర్‌కు రెండు పొరల బొచ్చు. అది ఎండను కూడ ఆపుతది. గీకిస్తే ఎండ సీదా చర్మం మీద పడ్తది, మల్ల వచ్చే బొచ్చు ఒక్కోసారి సక్కగ రాదు. లోపలి పొర దువ్వి తీయమని అడగండి. పగ్గు లాంటి పొట్టి ముక్కువైతే, పంజరంల పెట్టి వేడిగాలితో ఆరవెడ్తరా అని ముందే అడగండి. అవునంటే వేరే షాప్ చూస్కోండి.

కుక్కపిల్లలకు టీకాల కోర్సు పూర్తయినంకనే పోవాలె. ఆఖరి డోసు సుమారు 16 వారాల వయసుకు వస్తది. దాని తర్వాత ఒకట్రెండు వారాలు ఆగండి. రేబిస్ టీకా రాసిన కార్డు తీస్కపోండి. ఇంట్ల అలవాటు చేసుడుకు మాత్రం అప్పటిదాక ఆగొద్దు, చిన్నప్పుడే తొందరగ నేర్చుకుంటయి. మెడ మీద పోసే పిడుదుల మందు వాడ్తే, అదేనండి, గోమార్ల మందు, ముందు రెండ్రోజులు, ఎనుక రెండ్రోజులు స్నానం పెట్టుకోకండి. భయపడ్తదని ఇంట్లున్న మనుషుల నిద్రగోలీ మాత్రం ఎయ్యకండి. మత్తు అవసరమా కాదా డాక్టర్ చెప్పాలె.

పోయేనాడు కడుపునిండ పెట్టకండి. ఒక రౌండు నడిపిచ్చి, ఒంటికి రెంటికి అయినంక తీస్కపోండి. ఎండకాలమైతే పొద్దున మొదటి టైమే తీస్కోండి. మొదటిసారి కటింగ్ అడగకండి: స్నానం, గోర్లు, మూతి కాడ ఇంత సాఫ్, గంతే. కరిచే అలవాటుంటే దాచకండి, గ్రూమర్ చేతులు కూడ చేతులే.

[సెలూన్ గుమ్మం. బుజ్జిగాడు బయటికొస్తడు]

ఇది రెండోసారి, మూడు వారాల తయారీ తర్వాత. రెండు చెవులూ సమానంగ ఉన్నయి, చూడండి. బ్లోయర్ అంటే ఇప్పటికీ మొఖం తిప్పుకుంటడు, అందుకే తువ్వాలతోనే చానసేపు తుడిచి, ఆఖరుకు తక్కువ గాలి పెట్టిన్రు. కాలు మాత్రం అడగకముందే ఇచ్చిండట.