తాడు తెగకపోయినా...

శ్రోతలకు నమస్కారం. మన భాషలో ఓ తమాషా ఉంది. తాటిచెట్లనూ తాళ్లే అంటాం, చెట్టెక్కే మోకులనూ తాళ్లే అంటాం. మోకు, ముస్తాదు, గుజి అనే చెట్టెక్కే సరంజామా తీసుకుని తెల్లవారకముందే తోపుకు బయలుదేరే గీత కార్మికుడి బతుకు ఆ రెండు తాళ్ల మీదే ఆధారపడి ఉంటుంది.

తాడు కొనేటప్పుడు దుకాణంలో ‘ఎంత బరువు ఆపుతుంది?’ అని అడుగుతాం. మనిషి 80 కిలోలుంటే 200 కిలోలు ఆపే తాడు చాలనుకుంటాం. కదలకుండా వేలాడటానికైతే చాలునేమో. పడితే మాత్రం చాలదు. ఆ మనిషి ఒక మీటరు జారిపడి, తాడు బిగుసుకున్నాక 10 సెంటీమీటర్లలో ఆగిపోయాడనుకోండి. లెక్క కడితే తాడు మీద సగటున 880 కిలోల బరువు పడ్డట్టు. తాడు తట్టుకున్నా నడుము తట్టుకోదు. అందుకే తాడు వదులుగా వేలాడకుండా చూసుకోవడం, దాని లావు చూసుకోవడం కంటే ముఖ్యం.

ఎత్తుల్లో పనిచేసేవాళ్లు వాడే ఏ-రకం తాడు, అంటే పెద్దగా సాగని గట్టి తాడు, కనీసం 22 కిలోన్యూటన్లు, అంటే రమారమి 2,200 కిలోలు తట్టుకోవాలని యూరప్ ప్రమాణం. ఇంత ఎందుకంటారా? ముడి వేసిన చోట తాడు ఒంపు తిరుగుతుంది. అక్కడ దాని బలంలో పావు వంతు నుంచి సగం దాకా పోవచ్చు. నైలాన్ తాడు తడిస్తే ఇంకొంత తగ్గుతుంది. ఎండలో పడేస్తే నెమ్మదిగా పెళుసెక్కుతుంది. ఇక తాటిమట్ట అంచు సంగతి తెలిసిందే, రంపమే! దాని మీద రోజూ రాసుకునే తాడు నిన్నటి తాడు కాదు.

అయినా అసలు చిక్కు తెగడంలో లేదు. మనిషినీ చెట్టునూ కలిపి చుట్టే మోకు చెట్టును పట్టి ఉంచేది మనిషి వెనక్కి వాలినంతసేపే. కాలు జారి ఛాతీ చెట్టుకు ఆనుకుందంటే మోకు వదులైపోతుంది. తాడు తెగదు, ముడి ఊడదు. మనిషితో పాటు మోకు కూడా కిందికి జారుతుంది. మధ్యలో ఆపడానికి తాటిచెట్టుకు కొమ్మలుండవు. బరువు పడగానే చెట్టు చుట్టూ ఉచ్చులా బిగుసుకునే తాడు ఉంటేనే ఆ జారుడు ఆగుతుంది.

2024 జులైలో తెలంగాణ ప్రభుత్వం అబ్దుల్లాపూర్‌మెట్ మండలం లష్కర్‌గూడలో గీత కార్మికులకు రక్షణ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. గౌడులు కొలిచే కాటమయ్య పేరే వాటికి పెట్టారు. పేరు నాకు నచ్చింది. కిట్టు తొడుక్కునేసరికి ఆలస్యమవుతోందని ఎవరైనా విసుక్కుంటే తప్పు పట్టలేను. పొద్దెక్కేలోగా చెట్లన్నీ చూసుకోవాలి కదా. కానీ అలవాటైతే ఆ ఆలస్యం తగ్గుతుంది.

కొమ్మలున్న చెట్ల దగ్గర తిప్పలు వేరు. ‘మునగచెట్టెక్కించడం’ అనే మాట ఊరికే పుట్టలేదు. చూడ్డానికి లావుగా ఉన్నా ఆ కొమ్మ పుటుక్కున విరుగుతుంది. వేప అయినా, చింత అయినా తాడు వేయడానికి ఎండు కొమ్మ పనికిరాదు. పచ్చిగా, లావుగా ఉన్న కొమ్మను ఎంచుకుని, అదీ మానుకు దగ్గరగా వేసుకోవాలి. ఇంకో సంగతి చాలామందికి తట్టదు. తాడు ఒక కొసను కింద మానుకు కట్టి, కొమ్మ మీదుగా వేసి రెండో కొసకు మనిషి వేలాడితే ఆ కొమ్మ మీద పడేది మనిషి బరువు మాత్రమే కాదు, దాదాపు రెట్టింపు. తాడుకు రెండు పక్కలా లాగుడే కదా! 80 కిలోల మనిషి కొమ్మకు 160 కిలోల మనిషవుతాడు. ఎక్కేముందు ఇద్దరు కలిసి కింద నుంచి తాడును గట్టిగా లాగి చూడాలి. కొమ్మ కిర్రుమన్నా, బాగా ఊగినా వేరే కొమ్మ చూసుకోవడమే.

చివరగా ఒక మాట. ఒంటికి కట్టుకున్న రక్షణ పట్టీలు పడిపోకుండా ఆపాయి సరే, ఆ తర్వాత? స్పృహ తప్పిన మనిషి కదలకుండా వాటికే వేలాడుతుంటే కాళ్లలోనే రక్తం నిలిచిపోతుంది. నిమిషాల్లో ప్రాణం మీదికి రావచ్చు. ఆయన్ని వెంటనే దించాలి. గీత పనేమో ఒంటరి పని. ఏ తోపుకు వెళ్తున్నారో ఇంట్లో చెప్పండి. పక్క తోపులో ఎవరున్నారో కనుక్కోండి. ఫోను చెట్టు మొదట్లో సైకిల్ సంచిలో కాదు, మీ జేబులో ఉండాలి.