ఉతికాక ఏం మిగులుతుంది? యాంటీబ్యాక్టీరియల్ కాటన్ రివ్యూ

నమస్తే అండీ. ఈరోజు రివ్యూ ఏ ఒక్క బ్రాండుదీ కాదు. "99.9% బ్యాక్టీరియా చస్తుంది" అని రాసి అమ్మే కాటన్ బనియన్లు, దుప్పట్లు ఉన్నాయి కదా, వాటికి పట్టించిన మందు ఎన్ని ఉతుకులు నిలుస్తుందో చూద్దాం.

పాలిస్టర్‌కైతే దారం తీసేటప్పుడే, బ్యాక్టీరియాని చంపే వెండిని లోపల కలిపేయొచ్చు. పత్తి చెట్టున కాసేది, దాని పోగు లోపల అలా కలపలేం. నేసిన బట్టని మందులో ముంచి, రోలర్ల మధ్య పిండి, వేడితో పట్టిస్తారు. ఆ పట్టు ఎంత గట్టిదన్నదే అసలు ప్రశ్న.

వెండి అయాన్లు (చార్జ్ ఉన్న వెండి అణువులు) తడిలో మెల్లగా బయటికొచ్చి బ్యాక్టీరియాని చంపుతాయి. బయటికి రావడమే వాటి పని కాబట్టి ఉతికినప్పుడూ వచ్చేస్తాయి. 2008లో అమెరికాలో వెండి పట్టించిన సాక్సులని ఉతికి కొలిస్తే, కొన్నిటిలో కొద్ది ఉతుకులకే వెండి దాదాపు ఖాళీ అయింది. ఇంకొన్నిటిలో చాలా కొంచెమే పోయింది.

ఈ మందుల్లో నాకు బాగా నచ్చింది సైలేన్ క్వాట్ అనే రసాయనం. దాని ఒక కొస పత్తితో రసాయనికంగా ముడిపడుతుంది. ప్లస్ చార్జ్ ఉన్న భాగం తనని తాకిన బ్యాక్టీరియా పొరని దెబ్బతీస్తుంది. కారిపోవడం చాలా తక్కువ. కానీ మన డిటర్జెంట్లలో ఎక్కువగా ఉండేది మైనస్ చార్జ్ సబ్బు. సరిగా జాడించకపోతే అది ఈ ప్లస్ భాగాన్ని కప్పేస్తుంది. మందు బట్ట మీదే ఉంటుంది, పని మాత్రం చెయ్యదు! అందుకే ఇలాంటి బట్టని ఇంకోసారి మంచినీళ్లలో జాడించండి, దయచేసి.

ఇంకో మందు, రొయ్య పెంకుల నుంచి తీసే చిటోసాన్. దాన్ని సిట్రిక్ యాసిడ్‌తో బట్టకి కట్టినా, క్షార గుణమున్న డిటర్జెంట్ ఆ ముడిని మెల్లగా విప్పేస్తుంది. క్లోరిన్‌ని పట్టి ఉంచుకుని దానితో బ్యాక్టీరియాని చంపే హాలమైన్ రకానికి ఒక సుగుణం ఉంది: శక్తి తగ్గితే బ్లీచ్ నీళ్లలో ముంచి మళ్లీ నింపుకోవచ్చు. తెల్ల దుప్పట్లకి బాగుంటుంది, రంగు బట్టలకి కష్టం.

ఇక "50 ఉతుకుల దాకా పనిచేస్తుంది" అని లేబుళ్ల మీద కనిపించే మాట. ల్యాబుల్లో ఎక్కువగా వాడే ఏఏటీసీసీ (బట్టల పరీక్షలు రూపొందించే అమెరికా సంఘం) 61 పరీక్షలో ఒక రకం ఉంది. 49 డిగ్రీల నీళ్లలో, 50 స్టీలు గుండ్లతో, 45 నిమిషాలు తిప్పితే ఐదు ఇంటి ఉతుకుల కింద లెక్క. అంటే పదిసార్లు తిప్పితే 50 అయిపోతాయి. ఆ పరీక్ష పుట్టింది రంగు నిలుస్తుందా అని చూడటానికి. రంగు నిలిచినంత మాత్రాన మందూ నిలిచినట్టు కాదు. తిప్పాక మళ్లీ బ్యాక్టీరియా వేసి లెక్కపెట్టాలి.

అందుకే కొనేముందు నేను వెతికేది 99.9 అంకెని కాదు, దాని పక్కన "ఇన్ని ఉతుకుల తర్వాత" అని ఉందా, ఏ పరీక్షో రాశారా అని. అది లేకపోతే మామూలు కాటనే కొంటాను, ఒక్క రూపాయి కూడా ఎక్కువ పెట్టను.