కొలాబరేషన్ తరఫున కాన్ఫరెన్స్ టాక్: స్లైడ్లు ఎలా తయారుచేసుకోవాలి

అందరికీ నమస్కారం. మీరు కణ భౌతికశాస్త్రంలో ఒక కొలాబరేషన్‌లో, అంటే వందలు వేల మంది కలిసి ఒక ప్రయోగం నడిపే బృందంలో ఉన్నారు. దాని స్పీకర్స్ కమిటీ నుంచి మెయిల్ వచ్చింది, కాన్ఫరెన్స్‌లో టాక్ మీరే ఇవ్వాలి. 12 నిమిషాలు మాట్లాడాలి, 3 నిమిషాలు ప్రశ్నలకు. సంతోషం వేస్తుంది, ఆ వెనకే టెన్షన్ మొదలవుతుంది. వెంటనే పవర్‌పాయింట్ తెరిచేయాలనిపిస్తుంది. కాసేపు ఆగండి, అంతకన్నా ముందు చేయాల్సిన పని ఒకటుంది.

టైటిల్ స్లైడ్ మీద మీ పేరు కింద "కొలాబరేషన్ తరఫున" అని రాస్తాం కదా, ఈ వీడియో మొత్తం ఆ ఒక్క లైను గురించే. 2015లో హిగ్స్ బోసాన్ అనే కణం ద్రవ్యరాశి మీద, సెర్న్ ప్రయోగశాలలోని అట్లాస్, సీఎంఎస్ ప్రయోగాలు కలిసి వేసిన పేపర్‌కు 5,154 మంది రచయితలు. 33 పేజీల్లో 24 పేజీలు వాళ్ల పేర్లు, సంస్థల జాబితాకే సరిపోయాయి. స్టేజి మీద కనబడేది మీరొక్కరే. కానీ డిటెక్టర్ కేబుళ్లు బిగించినవాళ్లు, రాత్రి షిఫ్టుల్లో మేలుకున్నవాళ్లు, ఏళ్ల తరబడి కాలిబ్రేషన్ చేసినవాళ్లు, వాళ్లందరి మాటా మీ నోటి నుంచే వస్తుంది. సొంత టాక్‌లో తీసుకునే చనువు ఇక్కడ పనికిరాదు.

అందుకే మొదట కొలాబరేషన్ పబ్లిక్ రిజల్ట్స్ పేజీ తెరవండి. మీ టాక్‌కు సంబంధించిన ఫలితాలన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. ఒక్కోదాని పక్కన అది పేపర్‌గా పబ్లిష్ అయిందా, ఇంకా ప్రిలిమినరీయేనా (కొలాబరేషన్ అప్రూవ్ చేసింది కానీ పేపర్‌గా ఇంకా రానిదా) అన్నది కూడా రాయండి. ప్లాట్లు ఆ పేజీ నుంచి మాత్రమే దించుకోండి. నా మొదటి టాక్‌కి నేను తెలిసినవాళ్లు పంపిన ఫైల్లోంచి ప్లాట్ తీసుకున్నాను. చూడ్డానికి అచ్చం అలాగే ఉంది. రిహార్సల్‌లో ఒక సీనియర్ ఆపి, "ఈ చివరి బిన్ ఒకసారి చూడు" అన్నారు. బిన్ అంటే ప్లాట్‌లో డేటాను విడగొట్టిన గడుల్లో ఒకటి. అది అప్రూవల్‌కు ముందు వెర్షన్. ఆ బిన్‌లో ఎర్రర్ బార్, అంటే కొలతలో అనిశ్చితిని చూపే గీత, తర్వాత మారింది. ఆవిడ చూడకపోయి ఉంటే, కొలాబరేషన్ ఎన్నడూ ఒప్పుకోని అంకెను కొలాబరేషన్ పేరు మీదే నేను చూపించి ఉండేదాన్ని. ఆ రోజు నుంచి ప్రతి ప్లాట్ కిందా అది ఎక్కడిదో చిన్న అక్షరాల్లో రాయడం అలవాటు చేసుకున్నాను. మీరూ చేసుకోండి.

స్లైడ్ల సంఖ్య గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. 12 నిమిషాలకు టైటిల్‌తో కలిపి 11 లేదా 12 చాలు. డిటెక్టర్ గురించి ఒక్క స్లైడ్, అంతే.

ఇప్పుడు స్క్రీన్ మీద ఒక ప్లాట్ స్లైడ్ చూడండి. ఎడమవైపు ప్లాట్, కుడివైపు ఎనిమిది లైన్ల వాక్యాలు. ప్లాట్ సగం సైజుకు కుంచించుకుపోయింది, యాక్సిస్ మీద అంకెలు చివరి వరుసలో వాళ్లకు కనబడవు. నేనైతే ఎనిమిది లైన్లలో ఏడు తీసేస్తాను. ప్లాట్ ఇలా పెద్దదైంది. మిగిలిన ఆ ఒక్క లైను, ప్లాట్ ఏం చెబుతోందో అది, స్లైడ్ హెడ్డింగ్‌గా పైకి వెళ్తుంది. ప్లాట్ మూలలో కొలాబరేషన్ పేరు, దాని పక్కన "ప్రిలిమినరీ" అన్న మాట ఉన్నాయి చూశారా? చోటు సరిపోలేదని వాటిని క్రాప్ చేయకూడదు. రంగులు మార్చి మళ్లీ గీయకూడదు. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియనివాళ్లు హాల్లో ఉంటారు, అందుకని మాట్లాడేటప్పుడు "ఎర్ర గీత" అనకండి, "చుక్కల గీత", "పైనున్న గీత" అనండి.

ఇంకొకటి. ప్లాట్ మీద మీకు నచ్చిన థియరీ కర్వ్ ఒకటి అదనంగా గీయాలనిపిస్తుంది. గీశారంటే అది కొత్త ఫలితం, ఎవరూ అప్రూవ్ చేయనిది. రెండు ప్రయోగాల అంకెలకు మీరే సగటు తీసి చూపించడమూ అంతే.

అంకెలు రాసే పద్ధతి కూడా చూద్దాం. ఇందాకటి హిగ్స్ పేపర్‌లో ద్రవ్యరాశి 125.09 ± 0.21 ± 0.11 జీఈవీ (కణాల ద్రవ్యరాశికి మేం వాడే యూనిట్). మొదటి 0.21 స్టాటిస్టికల్, అంటే డేటా పరిమితంగా ఉండటం వల్ల వచ్చే అనిశ్చితి. రెండోది సిస్టమాటిక్, అంటే పరికరం, పద్ధతి వల్ల వచ్చేది. చోటు కలిసొస్తుందని ఊరికే "125 జీఈవీ" అని రాస్తే ఇంత కష్టపడి సాధించిన కచ్చితత్వం మాయమైపోతుంది. రెండూ విడివిడిగా రాస్తే, ఎక్కువ డేటా వస్తే ఈ కొలత ఇంకా మెరుగుపడుతుందని వినేవాళ్లకు అక్కడికక్కడే అర్థమవుతుంది, ఎందుకంటే పెద్దది స్టాటిస్టికల్.

ఇక మాటలు. నా దృష్టిలో అన్నిటికన్నా జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. కనబడింది కేవలం యాదృచ్ఛికం కాదని ఎంత గట్టిగా చెప్పగలమో మా రంగంలో సిగ్మాల్లో కొలుస్తాం. 3 సిగ్మా దాటితే "ఎవిడెన్స్", 5 సిగ్మా దాటితే "అబ్జర్వేషన్". పేపర్ ఏ మాట వాడితే మీరూ అదే వాడండి, ఒక మెట్టు పైకి ఎక్కించకండి. 2015 డిసెంబరులో అట్లాస్, సీఎంఎస్ రెండూ ఫోటాన్ జంటల ప్లాట్లో 750 జీఈవీ దగ్గర చిన్న ఎత్తు, అంటే కొత్త కణం ఉందేమో అనిపించే గుర్తు, చూపించాయి. కనుగొన్నామని రెండూ అనలేదు. ఆ ఒక్క చోటునే చూసి లెక్కేస్తే వచ్చేది లోకల్ సిగ్నిఫికెన్స్. ద్రవ్యరాశుల రేంజ్ అంతా వెతికాం కాబట్టి ఎక్కడో ఒకచోట ఎత్తు కనబడే అవకాశాన్ని కూడా లెక్కలోకి తీసుకుని, లోకల్‌తో పాటు గ్లోబల్ సిగ్నిఫికెన్స్ కూడా ఇచ్చాయి. సిద్ధాంతం వైపు నుంచి వందల పేపర్లు వచ్చాయి. 2016 ఆగస్టులో షికాగోలో ఐసీహెచ్‌ఈపీ కాన్ఫరెన్స్ నాటికి ఎక్కువ డేటాతో ఆ ఎత్తు మాయమైంది. స్లైడ్ మీద ఒక్క మాట తొందరపడి ఉంటే ఆ రెండు కొలాబరేషన్లూ దాన్ని వెనక్కి తీసుకోవాల్సి వచ్చేది. మీ స్లైడ్ మీద లోకల్ సిగ్మా ఉంటే దాని పక్కనే గ్లోబల్ కూడా ఉండాలి.

డ్రాఫ్ట్ తయారయ్యాక రివ్యూకి పెట్టండి, గడువుకు వారం ముందే. కామెంట్లు కుప్పలుగా వస్తాయి. ఒకరు తీసేయమన్నదాన్నే ఇంకొకరు పెంచమంటారు. కంగారు పడకండి. ఫిజిక్స్ తప్పులు చెప్పినవన్నీ దిద్దండి. అభిరుచికి సంబంధించినవాటిలో మీకు నచ్చినవి తీసుకుని, మిగతావాటికి ఎందుకు మార్చలేదో మర్యాదగా ఒక లైను రాయండి. వాళ్లు తమ పని వదులుకుని మీ స్లైడ్లు చదివారు.

రిహార్సల్ నిలబడి, గట్టిగా, టైమర్ పెట్టుకుని చేయండి. ప్రశ్నలు అడగమనండి. బ్యాకప్ స్లైడ్లు ఆ ప్రశ్నల నుంచే పుడతాయి. "కొత్త డేటాతో ఏం కనబడుతోంది?" అని తప్పకుండా అడుగుతారు. "ఆ విశ్లేషణ నడుస్తోంది, ఫలితం అప్రూవ్ అయ్యాక పబ్లిక్ పేజీలో వస్తుంది" అని చెప్పి ఆగిపోండి. నవ్వి ఊరుకోకండి కూడా, ఆ నవ్వుకు కూడా అర్థాలు తీస్తారు.

చివరి స్లైడ్ "థాంక్యూ" అని పెట్టి ఖాళీగా వదిలేయకండి. ప్రశ్నల టైమంతా, ఆ 3 నిమిషాలూ స్క్రీన్ మీద ఉండేది అదే. ముఖ్యమైన ఫలితం, దాని అంకె, పేపర్ నంబరు అక్కడ పెట్టండి. ఫోన్‌తో ఫోటో తీసుకునేది ఆ స్లైడునే.