“ఏ ఊరివమ్మా ఇవి?”: కాన్‌బెర్రా మ్యూజియంలో మా బాబాయ్ అడిగిన ప్రశ్న

నమస్కారమండీ.

కనుమ వెళ్లి మూడు రోజులైంది. మా బాబాయ్ వీధరుగు మీద చొక్కా విప్పి కూర్చున్నాడు. పిన్ని ఆయన కుడి భుజానికి అమృతాంజనం రాస్తోంది. అరచెయ్యంత మేర చర్మం కమిలిపోయి, మధ్యలో కాస్త చిట్లి ఉంది. ప్రభ మోసిన భుజం అది. “వచ్చే ఏడు మీరు ఎత్తకండి, ఒడ్డున నిలబడి చూడండి చాలు” అంటుంది పిన్ని. “చూద్దాంలేవే” అంటాడు ఈయన. పదేళ్లుగా వింటున్నాను ఈ సంభాషణ.

అప్పుడే మా చెల్లి వీడియో కాల్ చేసింది. బాబాయ్ కూతురే, కాన్‌బెర్రాలో ఉద్యోగం. ఆ రోజు అక్కడి నేషనల్ గ్యాలరీకి వెళ్లిందట. “నాన్నా, నీకొకటి చూపిస్తాను ఉండు” అని కెమెరా తిప్పింది. పెద్ద గది. గది నిండా నిలబెట్టిన చెట్టు మొద్దులు. కొన్ని పొట్టివి, కొన్ని మనిషి చెయ్యెత్తినా అందనంత ఎత్తువి. ఒక్కోదాని మీద తెలుపు, ఎరుపు, పసుపు, నలుపు మట్టి రంగుల్లో సన్నటి గీతలు. ఆ గీతల మధ్య చేపలు, పాములు, బాతులు.

నేనైతే “భలే ఉన్నాయే, ఎన్నేళ్ల నాటివి?” అని అడిగేవాణ్ని. బాబాయ్ ఫోన్ దగ్గరికి లాక్కుని చూసి, “ఏ ఊరివమ్మా ఇవి?” అన్నాడు. కాసేపాగి, “ఎవరు మోస్తారు?”

చెల్లి నవ్వేసింది. నేనూ నవ్వాను. తర్వాత వారం రోజులు కూర్చుని వాటి గురించి చదివాక నవ్వు ఆగిపోయింది. అడగాల్సినవి సరిగ్గా ఆ రెండు ప్రశ్నలే.

ముందు మన ప్రభల తీర్థం సంగతి చెప్పాలి. కోనసీమ వాళ్లు ఈ రెండు నిమిషాలూ ముందుకి జరుపుకున్నా నాకేం కోపం లేదు.

అంబాజీపేట మండలం మొసలపల్లిలో జగ్గన్నతోట అని ఒక కొబ్బరితోట ఉంది. తోటలో గుడి లేదు, గోపురం లేదు. కనుమ నాడు మాత్రం చుట్టుపక్కల 11 ఊళ్ల శివుళ్లు అక్కడ కలుస్తారు. ఏకాదశ రుద్రులన్నమాట. వ్యాఘ్రేశ్వరం, ఇరుసుమండ, ముక్కామల, నేదునూరు, పాలగుమ్మి... ఇలా ఒక్కో ఊరి దేవుడు ఒక్కో ప్రభ మీద బయల్దేరతాడు. వెదురు, పోక కర్రలతో ఎత్తుగా కట్టి, రంగురంగుల కొత్త బట్టలు చుట్టి, బంతిపూలు, వరికంకులు, నెమలి ఈకలు పెట్టి, గంటలు కట్టి, మధ్యలో స్వామిని నిలిపితే అది ప్రభ. వ్యాఘ్రేశ్వరుడి ప్రభ తోటలోకి అడుగుపెట్టగానే అప్పటికే దిగి ఉన్న ప్రభలన్నిటినీ ఒక్కసారి పైకి లేపుతారు. పెద్దాయన వస్తే అరుగు మీద వాళ్లు లేచి నిలబడతారు చూడండి, అలాగే.

మా బాబాయ్ వాళ్లది గంగలకుర్రు. ఆ ప్రభ, దాని పక్కనే అగ్రహారం ప్రభ, అప్పర్ కౌశిక కాలువ దాటి రావాలి. దాటేది నీళ్లలోంచే. మోసేవాళ్లకి నీళ్లు గుండెల దాకా వస్తాయి, కింద బురద. ఒక కాలు నిలదొక్కుకున్నాకే రెండో కాలు పైకి తీయాలి. ముందున్నవాడు తొందరపడితే వెనకవాడి భుజం మీద బరువంతా పడి ప్రభ ఒరుగుతుంది. ఒడ్డు మీద వేలమంది “అశ్శరభ శరభ” అని అరుస్తుంటారు కానీ నీళ్లలో ఉన్నవాళ్లకి అది వినపడదట. పక్కవాడి ఊపిరి వినపడుతుందట. ఇది బాబాయ్ చెప్పిన మాట. ఒడ్డెక్కాక పచ్చటి చేలోంచే నడక. చేను తొక్కారని ఏ రైతూ నొచ్చుకోడు, తన చేలోంచి స్వామి నడిచాడని చెప్పుకుంటాడు.

ఇప్పుడు ఆ మొద్దుల దగ్గరికి వెళ్దాం.

ఆస్ట్రేలియా ఉత్తరాన ఆర్నెమ్ ల్యాండ్. అక్కడ రామింగినింగ్ అనే ఊరు. దాని దగ్గర గ్లైడ్ నది ఒక పెద్ద చిత్తడి నేలలోంచి వచ్చి సముద్రంలో కలుస్తుంది. ఆ ప్రాంతపు ఆదివాసులు, చెదలు లోపలంతా తినేసి డొల్ల చేసిన యూకలిప్టస్ జాతి చెట్టు మొద్దుని తెస్తారు. మనిషి పోయిన కొంతకాలానికి ఎముకలు శుభ్రం చేసి, ఎర్రమట్టి పూసి, పాటలతో ఆటలతో ఆ మొద్దులో ఉంచి నిలబెట్టడం వాళ్ల సంప్రదాయం. తర్వాత ఇక ముట్టుకోరు. ఎండకి ఎండి, వానకి తడిసి అది నేలలో కలిసిపోవాల్సిందే. మొద్దు మీద బొమ్మ ఆ మనిషి వంశానిది. సన్నగీతలు వేసే కుంచె మనిషి వెంట్రుకలతో కట్టింది. ఒక్కో గీతా ఊపిరి బిగబట్టి లాగాలి.

కాన్‌బెర్రాలో ఉన్న మొద్దులు మొత్తం 200. 1788లో బ్రిటిష్ వాళ్లు వచ్చి దిగారు. 1988లో ఆ దేశం 200 ఏళ్ల పండగ చేసుకుంది. ఆ పండగ వేళకి, ఏడాదికొకటి చొప్పున 43 మంది కళాకారులు వీటిని చేశారు. రామింగినింగ్‌లో కళాసలహాదారుగా పనిచేసిన జాన్ మండైన్ ఆలోచన అది. వీటిలో ఎముకలు లేవు. ఆ 200 ఏళ్లలో తమ నేల కోసం చచ్చిపోయి, కర్మకాండకి కూడా నోచుకోని వాళ్ల కోసం నిలబెట్టినవి. మీరు పండగ చేసుకోండి, మేం మా వాళ్లకి కర్మ చేసుకుంటాం అన్నట్టు. నాకైతే ఇంతకంటే గట్టి నిరసన తెలియదు.

మొద్దుల మధ్య నుంచి ఒక బాట ఉంటుంది. ఆ బాటే గ్లైడ్ నది. ఏ వంశం నేల నదికి ఏ ఒడ్డున, ఎక్కడుందో, ఆ వంశం మొద్దులు గదిలో కూడా అక్కడే నిలబడ్డాయి. అంటే “ఏ ఊరివమ్మా ఇవి?” అన్న ప్రశ్నకి ఆ గదే జవాబు. మా బాబాయ్ ఏడో తరగతితో చదువాపేశాడు. కళాచరిత్ర మాట దేవుడెరుగు. కానీ 11 ప్రభలు ఎక్కడెక్కడ దిగాలో తెలిసిన మనిషి కదా, ఊరు లేని బొమ్మ ఉంటుందని ఆయనకి తోచదు.

ఇక్కడ నా తప్పొకటి ఒప్పుకోవాలి. రెండేళ్ల కిందట ఒక రీల్ చేశాను. ఒక పక్క మా అమ్మ సంక్రాంతి ముగ్గు, ఇంకో పక్క ఆస్ట్రేలియా చుక్కల చిత్రం. “ఖండాలు వేరు, చుక్కలు ఒకటే!” అని పైన పెద్దక్షరాలు, వెనక సన్నాయి. బాగానే తిరిగింది. అమ్మకి చూపిస్తే, “వీళ్లది ఎన్ని చుక్కలు? సందు చుక్కా, సరి చుక్కా?” అంది. నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే అక్కడ ఆ లెక్కే లేదు.

ఆ చుక్కల చిత్రాలు ఆర్నెమ్ ల్యాండ్‌వి కూడా కావు. అవి నడి ఎడారివి. 1971లో పాపున్యా అనే చోట, జెఫ్రీ బార్డన్ అనే బడి టీచరు ప్రోత్సాహంతో, పెద్దలు బడి గోడ మీద తేనెచీమ కథ బొమ్మ వేశారు. అక్కణ్నుంచి మొదలై, తమ పూర్వీకుల దారులని చెక్కల మీద, తర్వాత గుడ్డ మీద గీశారు. అందులో పూజలో ఉన్నవాళ్లే చూడాల్సినవి కొన్ని బయటికొచ్చేశాయని వాళ్లలోనే గొడవైంది. ఆ తర్వాత చుక్కలు చిక్కబడ్డాయి, కిందున్నది కనపడకుండా కప్పడానికి. మా అమ్మ 15 చుక్కలు పెట్టి 8 దాకా దింపుతుందంటే, గీత ఎటు తిరగాలో ఆ చుక్క చెప్తుంది. అక్కడి చుక్క గీతని దాస్తుంది. నేను “ఒకటే” అన్నవి అవీ. రీల్ తీసేశాను లెండి.

కాబట్టి పోలికల విషయంలో ఇప్పుడు కాస్త భయంగానే మాట్లాడుతున్నాను. జాంకావు అక్కచెల్లెళ్లు తూర్పు నుంచి నడిచొచ్చి, తవ్వుకోలతో నేలని పొడిస్తే మంచినీళ్లు ఊరాయని ఆర్నెమ్ ల్యాండ్‌లో పాడతారు. గౌతముడు గోదావరిని తెచ్చాడని మనం చెప్పుకుంటాం. గౌతమి, వసిష్ఠ అని పాయలకి ఋషుల పేర్లు పెట్టుకున్నాం. ఇది విని బాబాయ్ “అయితే వాళ్లకీ నీళ్లు ఎవరో ఒకరు తేవాల్సిందే” అన్నాడు. అంతవరకే. రెండు కథలూ ఒకటే అనలేదు ఆయన.

ఇంకో సంగతి. 1966లో ఆస్ట్రేలియా కొత్త డాలర్లు ముద్రించింది. ఒక డాలరు నోటు వెనక ఒక ఆదివాసీ చిత్రం ఆధారంగా బొమ్మ వేశారు. గుర్రుమురింగు అనే ఆదివేటగాడి కర్మకాండ అది. గీసినాయన ఎవరో ఎప్పుడో పోయి ఉంటాడనుకున్నారు. ఆయన బతికే ఉన్నాడు. పేరు డేవిడ్ మలాంగీ, గ్లైడ్ నది సముద్రంలో కలిసే చోటి మనిషి. ఎవరూ ఆయన్ని అడగలేదు. విషయం బయటపడ్డాక 1,000 డాలర్లు, ఒక పతకం, చేపలు పట్టే సామాను ఇచ్చారు. ఆ దేశంలో ఆదివాసీ కళ మీద హక్కెవరిదన్న చర్చకి ఇదే మొదలంటారు. ఆ 200 మొద్దుల్లో ఆయన చేతివీ ఉన్నాయి. 1999లో పోయారు. పోయినవాళ్ల బొమ్మ చూపించడం అక్కడ చాలా చోట్ల తప్పు, అందుకే ఆయన ఫొటో ఈ వీడియోలో పెట్టలేదు.

ఈ కథ చెప్పగానే పిన్ని, “మా అమ్మ అల్లిన లేసు ఏ దేశంలో ఎవరి బల్ల మీదుందో” అంది. ఆవిడ పుట్టిల్లు నర్సాపురం. ఆ లేసు పని మిషనరీలు నేర్పింది, అల్లింది మాత్రం మన ఆడవాళ్లు. ఎక్కడెక్కడికో ఎగుమతైంది. అల్లిన మనిషి పేరు మాత్రం ఏ బల్ల మీదా లేదు.

రెండో ప్రశ్న మిగిలిపోయింది. ఎవరు మోస్తారు?

2023 జనవరి 26న ఢిల్లీ పరేడ్‌లో మన రాష్ట్రం తరఫున ప్రభల తీర్థం శకటం వెళ్లింది. ఊరంతా టీవీల ముందు కూర్చున్నాం. ఈలలు, చప్పట్లు. బాబాయ్ కూడా మురిసిపోయాడు. కానీ అయిపోయాక, “టైర్ల మీద వెళ్లిందిరా” అన్నాడు. ఫిర్యాదేం కాదు, ఉన్నమాట. అదే జనవరి 26 ఆస్ట్రేలియాకి జాతీయ దినం. 1788లో ఓడలు దిగిన రోజు. ఆదివాసుల్లో చాలామందికి అది సంతాప దినం. మనకి జెండా ఎగిరే రోజే అక్కడ ఆ మొద్దులకి లెక్క మొదలైన రోజు. తెల్లదొరల్లో ఒకాయన 1852 నాటికి మనకి ధవళేశ్వరం ఆనకట్ట కట్టించాడని కాటన్ విగ్రహానికి దండలేస్తాం మనం. ఈ మాట గ్లైడ్ నది ఒడ్డున ఎలా చెప్పాలో నాకింకా తెలియట్లేదు.

ఆ రోజు కాల్ అక్కడితో అయిపోలేదు. చెల్లి గోడ మీదున్న పలక చదివి, “నాన్నా, ఈ దారి వాళ్ల నదట. ఆ చివర సముద్రం” అంది. బాబాయ్ ముందుకి వంగాడు. భుజం మీద మందు ఆరలేదని పిన్ని గదమాయిస్తోంది. “అయితే సముద్రం దాకా తీసుకెళ్లమ్మా” అన్నాడు. చెల్లి ఫోన్ పట్టుకుని గబగబా నడవబోయింది. మొద్దులు అటూ ఇటూ జరిగిపోతున్నాయి.

“ఓయ్, ఆగాగు. నీళ్లలో ఎవరైనా అలా నడుస్తారా? మెల్లగా. ఒక కాలు నిలబడ్డాక రెండోది తియ్యి.”

చెల్లి ఆగింది. చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, మళ్లీ మొదటి నుంచి నడిచింది.