బ్రిడ్జ్‌కి దొరికిన కుర్చీ స్నూకర్‌కి ఎందుకు దొరకలేదు? – స్టూడియో చర్చ

(పాల్గొన్నవారు: యాంకర్, రాష్ట్ర స్థాయిలో ఆడిన ఒక మాజీ స్నూకర్ ఆటగాడు, ఒక సీనియర్ అథ్లెటిక్స్ కోచ్, ఒక స్పోర్ట్స్ జర్నలిస్టు)

యాంకర్: అందరికీ నమస్కారం. 2030 కామన్వెల్త్ గేమ్స్ అహ్మదాబాద్‌కి వచ్చాయని తెలిసిన దగ్గర్నుంచీ మాకు మెసేజ్‌లే మెసేజ్‌లు. కబడ్డీ పెట్టాలని ఒకరు, ఖోఖో పెట్టాలని ఇంకొకరు. వాటి మధ్యలో ఒకాయన, బిలియర్డ్స్ వరల్డ్ ఛాంపియన్ గీత్ సేఠీ ఊళ్లో గేమ్స్ పెట్టి బిలియర్డ్స్ పెట్టకపోతే ఎలాగండీ అని రాశారు. ఇదేదో మాట్లాడుకోవాల్సిన సంగతే అనిపించింది. అన్నా, మీరేమంటారు?

మాజీ ఆటగాడు: పెట్టాలనే అంటాను, ఇరవై ఏళ్లు ఆ టేబుల్ చుట్టూ తిరిగినవాణ్ని ఇంకేమంటాను. కానీ ఇదేదో మేం కొత్తగా అడుగుతున్నట్టు అందరూ మాట్లాడతారు, అది కాదు. ఏషియన్ గేమ్స్‌లో మా ఆట, అంటే స్నూకర్, బిలియర్డ్స్ కలిపి, నాలుగుసార్లు ఉంది. 1998 బ్యాంకాక్, 2002 బుసాన్, 2006 దోహా, 2010 గ్వాంగ్‌జౌ. నాలుగుసార్లూ మనకి గోల్డ్ వచ్చింది. బ్యాంకాక్‌లో అశోక్ శాండిల్య బిలియర్డ్స్ సింగిల్స్ గెలిచాడు, గీత్ సేఠీతో కలిసి డబుల్స్ కూడా గెలిచాడు. బుసాన్‌లో యాసిన్ మర్చంట్, రఫత్ హబీబ్ జోడీ స్నూకర్ డబుల్స్. తర్వాత రెండుసార్లూ పంకజ్ అద్వానీ. గ్వాంగ్‌జౌలో అయితే ఆ గేమ్స్ మొత్తంలో మన దేశానికి వచ్చిన మొదటి గోల్డే అది, ఆ రోజు మా క్లబ్‌లో స్వీట్లు పంచాం. మళ్లీ 2014 ఇంచియాన్ వచ్చేసరికి ఆటే లేదు.

కోచ్: మీ ఒక్క ఆటే పోయినట్టు చెప్తారేంటి? గ్వాంగ్‌జౌలో 42 ఆటలుంటే ఇంచియాన్‌కి 36 చేశారు. చెస్ పోయింది, డ్రాగన్ బోట్ పోయింది. ఇల్లు ఇరుకైనప్పుడు సామాను తగ్గించుకుంటాం కదా.

జర్నలిస్టు: చెస్ వెనక్కి వచ్చింది మాస్టారూ. మనవాళ్లకి బాగా గుర్తుండాలి అది. 2006 దోహాలో హంపి రెండు గోల్డ్‌లు తెచ్చింది, గ్వాంగ్‌జౌలో హారిక బ్రాంజ్. ఆ తర్వాత 2014లో లేదు, 2018లో లేదు, హాంగ్‌జౌలో మళ్లీ పెట్టారు. అక్కడ స్నూకర్‌కి ఆ పిలుపు రాలేదు. ఇంకా గమ్మత్తు, 2018 జకార్తాలో బ్రిడ్జ్ పెట్టారు, పేకాట అండీ, మనింట్లో పెద్దాళ్లు తిట్టే పేకాట! అరవై ఏళ్ల ప్రణబ్ బర్ధన్, యాభయ్యారేళ్ల శిబ్‌నాథ్ సర్కార్ కలిసి మనకి గోల్డ్ తెచ్చారు. హాంగ్‌జౌలో ఈ-స్పోర్ట్స్‌కి కూడా మెడల్స్ ఇచ్చారు. కాబట్టి ఒళ్లు కదలని ఆట, చెమట పట్టని ఆట అనే వాదన ఇక చెల్లదు.

కోచ్: ఆ మాట నేను అననే లేదు, మీరే నా నోట్లో పెడుతున్నారు.

యాంకర్: (నవ్వుతూ) మేకప్ రూమ్‌లో అన్నారు మాస్టారూ.

కోచ్: అక్కడ అన్నవి ఇక్కడ లెక్కలోకి రావు! సరే, అన్నాను. నాలుగు వందల మీటర్లు పరిగెత్తి గడ్డి మీద వాంతి చేసుకునే పిల్లల్ని చూసినవాణ్ని, నాకు అలా అనిపించడంలో తప్పులేదు.

మాజీ ఆటగాడు: తప్పులేదు సార్. కానీ మాదీ ఒంటితో ఆడే ఆటే. ఫైనల్ ఫ్రేమ్‌లో, అంటే ఆఖరి రౌండ్‌లో, చివరి నల్ల బాల్ మీద ఉన్నప్పుడు గుండె చప్పుడు చేతిలోని క్యూ కర్ర చివర దాకా తెలుస్తుంది, ఆ టెన్షన్‌లో చెయ్యి ఆవగింజంత వణికినా పని అయిపోయినట్టే. అందుకే గుండె వేగం తగ్గించే బీటా బ్లాకర్ మందుల్ని డోపింగ్‌ని అడ్డుకునే ప్రపంచ సంస్థ ‘వాడా’ వాళ్లు మా ఆటలో నిషేధించారు. ఆ జాబితాలో మా పక్కన ఎవరున్నారో తెలుసా? షూటింగ్, ఆర్చరీ. ఆ రెండూ ఒలింపిక్స్‌లో ఉన్నాయి, షూటింగ్ అయితే 1896లోనే ఉంది. పక్కపక్కనే ఉన్న వాళ్లలో ఇద్దర్ని పెళ్లికి పిలిచి మూడోవాణ్ని గుమ్మంలో నిలబెట్టినట్టుంది.

కోచ్: నా అభ్యంతరం వేరే. చోటు ఎక్కడిది? 2026 గ్లాస్గో కామన్వెల్త్‌లో ఆటలు పదే పది. హాకీ లేదు. బ్యాడ్మింటన్ లేదు. రెజ్లింగ్ లేదు. సింధు ఆడే ఆటకే చోటు లేకపోతే మీరొచ్చి స్నూకర్ అంటే ఎలా? అహ్మదాబాద్‌లో పదిహేను నుంచి పదిహేడు దాకా ఉంటాయంటున్నారు, ముందు పోయినవాటిని తెచ్చుకుందాం. 2003లో మన హైదరాబాద్‌లో ఆఫ్రో ఏషియన్ గేమ్స్ జరిగినప్పుడు నేను గ్రౌండ్‌లో డ్యూటీ చేశాను. ఎనిమిదే ఆటలు, అయినా ఎంత కళగా జరిగాయి! ఎక్కువ ఆటలుంటేనే గొప్ప అని ఎవరన్నారు?

జర్నలిస్టు: అయితే ఆ పది ఆటల్లో లాన్ బౌల్స్ ఎందుకుంది మాస్టారూ? బంతిని మెల్లగా దొర్లించి చిన్న తెల్ల బంతి దగ్గర ఆపడం. 2022 బర్మింగ్‌హామ్‌లో మన అమ్మాయిలు నలుగురు గోల్డ్ కొట్టేదాకా ఆ ఆట ఒకటుందని మనలో చాలామందికి తెలియదు. నాకు దానిమీద కోపం లేదు, ఆ ఫైనల్ నేనూ కుర్చీ అంచున కూర్చునే చూశాను. కానీ దానికి చోటుండి స్నూకర్‌కి లేకపోవడానికి ఆటలోంచి కారణం చూపించలేరు. అలవాటు, అంతే. ముందు నుంచీ ఉంది కాబట్టి ఉంది.

మాజీ ఆటగాడు: అదే నేననేది! పైగా కామన్వెల్త్ అంటే మా ఆటకి పుట్టిల్లు లాంటిది. ఇంగ్లండ్, వేల్స్, స్కాట్లాండ్, నార్తర్న్ ఐర్లండ్ అక్కడ విడివిడిగా ఆడతాయి. రోనీ ఓసలివన్ ఇంగ్లండ్‌కి, మార్క్ విలియమ్స్ వేల్స్‌కి, జాన్ హిగిన్స్ స్కాట్లాండ్‌కి, నీల్ రాబర్ట్‌సన్ ఆస్ట్రేలియాకి. ప్రపంచంలో ఇంతమంది పెద్దవాళ్లు దేశం చొక్కా వేసుకుని ఎదురెదురుగా నిలబడే పోటీ ఇంకెక్కడ కుదురుతుంది? ఒక హాలు, నాలుగు టేబుళ్లు, ఏసీ చాలు, కొత్త స్టేడియం కట్టక్కర్లేదు. స్నూకర్ పుట్టిందే మన జబల్‌పూర్‌లో, 1875లో...

జర్నలిస్టు: జబల్‌పూర్ రాకుండా ఈ చర్చ ముగియదనుకున్నాను!

మాజీ ఆటగాడు: రావాలి మరి, ఊటీ కూడా రావాలి, రూల్స్ రాసి గోడకి తగిలించింది అక్కడే.

జర్నలిస్టు: సరే అన్నా, కానీ మీకు నచ్చని మాట ఒకటి అంటాను. మీరు స్నూకర్ అని అడుగుతున్నారు, మెడల్స్ లెక్క మాత్రం బిలియర్డ్స్‌ది చెప్తున్నారు. రెండూ ఒకటి కాదు కదా. చూసేవాళ్ల కోసం చెప్తాను, బిలియర్డ్స్‌లో మూడే బాల్స్, తెలుపు, పసుపు, ఎరుపు. స్నూకర్‌లో ఇరవై రెండు. టేబుల్ మాత్రం ఒకటే. ఇందాక చెప్పిన ఏషియన్ గోల్డ్‌లలో బుసాన్ ఒక్కటే స్నూకర్, మిగతావన్నీ బిలియర్డ్స్. విల్సన్ జోన్స్ 1958లో వరల్డ్ టైటిల్ గెలిచింది బిలియర్డ్స్, మైఖేల్ ఫెరీరా బిలియర్డ్స్, గీత్ సేఠీ బిలియర్డ్స్. అద్వానీకి 28 వరల్డ్ టైటిల్స్ ఉన్నాయి, స్నూకర్‌లోనూ ఉన్నాయి, కానీ ఎక్కువ భాగం బిలియర్డ్సే. ఆ ఆటని గట్టిగా ఆడే దేశాల్ని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. రేపు ఎవరైనా కమిటీ ముందుకెళ్లి ఈ ఆట పెట్టండి మాకు మెడల్ వస్తుంది అంటే, వాళ్లు అడిగేది ఒకటే, ఇంకెవరికి వస్తుంది అని.

యాంకర్: అంటే మనం అడిగే కారణమే తప్పు అంటారా?

జర్నలిస్టు: తప్పే. అడగడం తప్పు కాదు, ఆ కారణం తప్పు. గ్వాంగ్‌జౌలో క్యూ ఆటల్లో పది ఈవెంట్లున్నాయి. మగవాళ్లకి ఆరు, ఆడవాళ్లకి నాలుగు. ఎయిట్ బాల్, నైన్ బాల్ అనే పూల్ ఆటలు, కొరియావాళ్లు ప్రాణంగా ఆడే త్రీ కుషన్ క్యారమ్, స్నూకర్, ఆడవాళ్లకి ఆరే ఎర్ర బాల్స్‌తో ఆడే సిక్స్ రెడ్ స్నూకర్, ఇన్నిటి మధ్య బిలియర్డ్స్‌ది ఒక్క ఈవెంట్. పూల్ టేబుల్ వేరు, క్యారమ్ టేబుల్‌కి అసలు పాకెట్లే ఉండవు. ఒకే పేరు కింద మూడు కుటుంబాలు కాపురం చేస్తున్నాయి. ఒలింపిక్ వాళ్లతో మాట్లాడటానికి ముగ్గురూ కలిసి ఒక సమాఖ్య పెట్టుకున్నారు, 1998లో గుర్తింపు కూడా వచ్చింది. టోక్యో 2020కి అప్లై చేశారు, ఎనిమిది ఆటల షార్ట్‌లిస్ట్‌లో కూడా చోటు రాలేదు. పారిస్‌కి అడిగారు, వాళ్లు బ్రేకింగ్ అనే డ్యాన్స్ పోటీని తీసుకున్నారు. లాస్ ఏంజెలెస్‌కి స్క్వాష్ వెళ్లింది. స్క్వాష్ కూడా ఏళ్ల తరబడి గుమ్మంలో నిలబడ్డదే, కానీ అది ఒకే ఆట, ఒకే కోర్టు. నీకేం కావాలి అంటే తడుముకోకుండా చెప్పగలిగింది.

కోచ్: ఇంకో సంగతి, మీ ఇంట్లో గొడవలు కూడా బోలెడు. చైనా ఆటగాళ్లు పది మంది మీద ఫిక్సింగ్ కేసు పెట్టారు, 2023లో ఇద్దరికి జీవితకాల నిషేధం వేశారు.

మాజీ ఆటగాడు: వేశారు సార్, దాచలేదు కదా. అదే కేసులో ఇరవై నెలల నిషేధం పూర్తిచేసుకుని వచ్చిన ఝావో షింటాంగ్ 2025లో వరల్డ్ ఛాంపియన్ అయ్యాడు, చైనా నుంచి మొట్టమొదటివాడు. అథ్లెటిక్స్‌లో డోపింగ్ కేసుల సంగతి నేను ఎత్తను, మీరు పెద్దవారు.

కోచ్: ఎత్తినట్టే అయ్యిందిలే నాయనా.

యాంకర్: అన్నా, మెడల్ పక్కన పెడితే, గేమ్స్‌లో ఉండటం లేకపోవడం వల్ల ఒక మామూలు ఆటగాడికి ఏమిటి తేడా?

మాజీ ఆటగాడు: మొత్తం తేడా అదే. (కాస్త ఆగి) నేను ఒక ఆఫీసులో స్పోర్ట్స్ కోటా ఇంటర్వ్యూకి వెళ్లాను, పేరు వద్దు. ఫైల్ నిండా సర్టిఫికెట్లు. అక్కడ కూర్చున్న ఆయన ఫైల్ తిప్పుతూ, ఏషియన్ గేమ్స్‌లో ఉందా బాబూ ఈ ఆట అన్నాడు. ఉండేది సార్ అన్నాను. ఉండేదా, ఉందా అన్నాడు. అంతే, ఇంక ఆ ఫైల్ మూసేశాడు. సర్కారు డబ్బు, ఉద్యోగం, పేపర్లో ఫొటో, అన్నీ ఆ జాబితా వెనకాలే వెళ్తాయి. 2013లో కాలీ అనే ఊళ్లో వరల్డ్ గేమ్స్ జరిగితే ఆదిత్య మెహతా స్నూకర్ గోల్డ్ కొట్టాడు. మీలో ఎంతమందికి తెలుసు?

యాంకర్: నిజం చెప్పాలంటే నాకు తెలియదు.

మాజీ ఆటగాడు: చూశారా. వరల్డ్ గేమ్స్ అంటే ఒలింపిక్స్‌లో లేని ఆటల కోసం పెట్టిన పోటీ, అక్కడ మాకు 2001 నుంచీ చోటుంది. గెలిచినా ఎవరికీ పట్టదు. మొన్న 2025 నవంబర్‌లో చెన్నై అమ్మాయి అనుపమా రామచంద్రన్ దోహాలో వరల్డ్ స్నూకర్ టైటిల్ గెలిచింది, హాంకాంగ్‌కి చెందిన ఎంగ్ ఆన్ యీ మీద ఆఖరి ఫ్రేమ్‌లో. అదే ఏషియన్ గేమ్స్‌లో అయ్యుంటే ఎయిర్‌పోర్ట్‌లో డప్పులు మోగేవి. ఇక్కడ మన ఊళ్లలో ఒక ఆడపిల్ల స్నూకర్ నేర్చుకుంటానంటే తల్లిదండ్రులు ముందు చూసేది ఆ పార్లర్ మెట్ల మీద సిగరెట్ తాగుతున్నది ఎవరా అని. గేమ్స్‌లో ఉన్న ఆట అయితే, కనీసం ఆ మెట్లు ఎక్కనిస్తారు.

కోచ్: ఈ మాట ముందే చెప్పి ఉంటే నేను ఇంత వాదించేవాణ్ని కాదు. మెడల్స్ మెడల్స్ అని మొదలుపెట్టారు మీరు.

జర్నలిస్టు: అయితే అహ్మదాబాద్ వాళ్లని అడుగుదాం. కొత్తవో, సంప్రదాయమైనవో, ఒకట్రెండు ఆటల్ని ఆతిథ్య నగరం ప్రతిపాదించుకునే వీలుందంటున్నారు. కబడ్డీ, ఖోఖో వాళ్లు అప్పుడే వరసలో ఉంటారు, కాబట్టి పది ఈవెంట్ల జాబితా పట్టుకెళ్తే గేటు దగ్గరే పంపించేస్తారు. ఒకే ఒక్కటి అడగాలి. నన్నడిగితే సిక్స్ రెడ్ స్నూకర్, మిక్స్‌డ్ టీమ్, ఒక అబ్బాయి ఒక అమ్మాయి. ఫ్రేమ్ తొందరగా తేలుతుంది, టీవీకి సరిపోతుంది, కొత్తవాళ్లకి అర్థమవుతుంది.

యాంకర్: అందులో మనకి గోల్డ్ గ్యారంటీ ఉందా?

జర్నలిస్టు: లేదు. ఇంగ్లండ్ టీమ్ వస్తే బ్రాంజ్ వచ్చినా గొప్పే. అందుకే అదే అడగాలంటాను.

యాంకర్: అన్నా, టైమ్ అయిపోతోంది, ఒక్క ముక్కలో చెప్పండి. అద్వానీకి 2030 నాటికి నలభై అయిదేళ్లు వస్తాయి. సొంతగడ్డ మీద బిలియర్డ్స్ పెడితే దాదాపు ఖాయం అనుకునే గోల్డ్. అది వదిలేసి ఈ సిక్స్ రెడ్ అడుగుతారా?

మాజీ ఆటగాడు: (చాలాసేపు ఆలోచించి) అడుగుతాను. కానీ ఈ ముక్క మాత్రం కట్ చేయండి, రేపు సాయంత్రం నేను క్లబ్‌కి వెళ్లాలి.