వాల్వ్ ముందే చెప్పింది

అందరికీ నమస్కారం. సంఘం పెద్దలకు, వంటల దగ్గరున్న వాలంటీర్లకు, రోబోటిక్స్ పోటీలో గెలిచొచ్చిన మన పిల్లలకు అభినందనలు. నన్ను ఆత్మవిశ్వాసం గురించి మాట్లాడమన్నారు. క్షమించాలి, నేను టాపెట్ సెట్టింగ్ గురించి, అంటే ఇంజన్‌లో వాల్వుల సందు సరిచేసే పని గురించి మాట్లాడతాను.

కారణం ఉంది. ఆఖరి మ్యాచ్‌కి ముందు రోబో చక్రం దగ్గర ఒక బోల్టు వదులవుతోందని జట్టులో అందరికంటే చిన్న పాప చెప్పిందట. టైమ్ లేకపోయినా మిగతావాళ్లు ఆగి విప్పి చూశారట. ఈ సంగతి విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకో చెప్తాను.

మనం అమెరికాలో, షార్లెట్‌లో ఉంటున్నాం. మే నెలాఖరున పక్క ఊరు కాంకర్డ్ వైపు వెళ్లాలంటే ట్రాఫిక్ అని విసుక్కుంటాం. అక్కడి రేస్ ట్రాక్ లోపలికి ఎంతమంది వెళ్లి చూశారు? అక్కడ జరిగేది 600 మైళ్ల కార్ల రేసు, ఒకటిన్నర మైళ్ల ట్రాక్ మీద 400 చుట్లు. ఈ రేసులు నడిపే సంస్థ నాస్కార్‌లో ఇప్పుడు కప్ సిరీస్ అంటున్నదాని మొట్టమొదటి రేసు కూడా 1949 జూన్ 19న ఈ ఊళ్లోనే, మట్టి ట్రాక్ మీద జరిగింది. షోరూమ్‌లో అమ్మే కార్లతోనే పరిగెత్తారు, అందుకే స్టాక్ కార్ అన్న పేరు. ఇప్పటి కార్లు అలాంటివి కావు గానీ ఇంజన్ తరహా మాత్రం పాతదే: 358 క్యూబిక్ అంగుళాల వీ8, అంటే ఎనిమిది సిలిండర్లు; సిలిండర్‌కు రెండే వాల్వులు, ఒకటి గాలి లోపలికి రావడానికి, ఒకటి పొగ బయటికి పోవడానికి; వాటిని తెరిచే పుష్‌రాడ్లనే కడ్డీలు. ఆర్‌పీఎం 9,000 దగ్గర, అంటే ఇంజన్ నిమిషానికి 9,000 చుట్లు తిరిగేటప్పుడు, ఒక్కో వాల్వ్ సెకనుకు 75 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. రేసు ముగిసేసరికి ఆ లెక్క లక్షల్లోకి పోతుంది. ఆ స్ప్రింగుల మీద, ఆ వాల్వ్ కాడ మీద పడే దెబ్బ ఊహించండి.

ట్రాక్ పక్కన ట్యూనింగ్ అంటే పవర్ పెంచడమే అనుకుంటారు. సగం పని వాతావరణాన్ని చదవడమే. 600 మైళ్ల రేసు సాయంత్రం ఎండలో మొదలై రాత్రి ముగుస్తుంది. చీకటి పడితే గాలి చల్లబడి చిక్కబడుతుంది. 2012లో ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చేదాకా గాలిలో పెట్రోలు కలిపేవి అన్నీ కార్బురేటర్లే. రేసు మధ్యలో దాన్ని విప్పి జెట్, అంటే పెట్రోలు వచ్చే సన్నటి రంధ్రం ఉన్న ముక్క, మార్చే వీలుండదు. సాయంత్రం వేడికి సరిపోయిన జెట్, రాత్రికి ఆ చిక్కటి గాలికి తగినంత పెట్రోలు ఇవ్వలేదు. మిశ్రమం పలచబడుతుంది, ఇంజన్ లోపల టకటక కొట్టుకోవడం మొదలవుతుంది, పిస్టన్ కాలిపోతుంది. అందుకని ట్యూనర్ మధ్యాహ్నం నిలబడి రాత్రి పదింటి గాలి గురించి ఆలోచించేవాడు. బారోమీటర్ చూసేవాడు. ప్రాక్టీసులో డ్రైవర్ చేత ఫుల్ థ్రాటిల్ మీదే ఇగ్నిషన్ కట్ చేయించి, కారు దానంతటదే దొర్లుకుంటూ పిట్‌లోకి, అంటే మెకానిక్కులుండే చోటికి, వస్తే ప్లగ్గులు విప్పి ఆ తెల్లటి పింగాణీ రంగు భూతద్దంతో చూసేవాడు. డాక్టరు నాలుక చూసినట్టు. ఇప్పుడు ఆ పని చాలావరకు సెన్సార్లే చేస్తున్నాయి. ఆ కళ్లు ఉన్నవాళ్లంటే మాత్రం నాకు ఇప్పటికీ గౌరవం.

సరే, నా సంగతి. వారమంతా ఆఫీసు, శనివారం రాత్రి ఒక చిన్న ట్రాక్‌లో ఓ జట్టుకు సాయం. జీతం లేదు, గ్రీజు మరకలే. నా పని వాల్వ్ క్లియరెన్స్ చూడటం, అంటే మూసుకున్న వాల్వ్‌కు, దాన్ని నొక్కే భాగానికి మధ్య ఉండే సందు. మన మెకానిక్కులు టాపెట్లు అనేది దాన్నే. ప్రతిసారీ ఇంజన్ ఒకే వేడి మీద ఉన్నప్పుడు ఫీలర్ గేజ్ అనే సందు కొలిచే పల్చటి రేకు పెట్టి పదహారు వాల్వులూ చూసి నోట్‌బుక్‌లో రాయాలి. క్లియరెన్స్ పెరిగితే వాల్వును కదిలించే భాగాలు, క్యామ్ గానీ లిఫ్టర్ గానీ, అరుగుతున్నట్టు. తగ్గితే ఇంకా ప్రమాదం: వాల్వ్ ఆనే సీటు లోపలికి దిగుతోంది, లేదా వాల్వ్ కాడే సాగుతోంది. సాగిన కాడ ఎప్పుడో ఒకప్పుడు తెగుతుంది.

ఆ రోజు ప్రాక్టీసు అయ్యాక పదిహేను వాల్వులు ఒక థౌ అటూ ఇటూ. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. ఏడో సిలిండర్ ఎగ్జాస్ట్, అంటే పొగ పోయే వాల్వ్, మాత్రం ఆరు థౌలు తగ్గింది. రెండోసారి చూశాను. ఆరే. వాల్వులుండే ఇంజన్ పైభాగం, ఆ హెడ్ విప్పుదామన్నాను. జట్టు పెద్దాయన వాచీ చూసుకుని, "టైమ్ లేదు, అడ్జస్ట్ చేసి పంపెయ్" అన్నారు. అడ్జస్ట్ చేశాను. ఇంకోసారి గట్టిగా చెప్పాల్సింది, చెప్పలేదు. కొత్తవాణ్ణి, పైగా నా ఇంగ్లిష్ యాస గురించి ఒక బెరుకు.

అరవై చుట్లు కూడా తిరగలేదు. వాల్వ్ తల తెగి పిస్టన్ మీద పడింది. బ్లాక్ పగిలి, నూనె వెనక టైర్ల కిందికి పోయి, కారు గోడకు తగిలింది. డ్రైవర్ నడుచుకుంటూ బయటికొచ్చాడు, దేవుడి దయ. పెద్దాయన అందరితో ఒకే మాట అన్నారు: "బ్యాడ్ లక్."

అయ్యా, అది బ్యాడ్ లక్ కాదు. ఇన్నేళ్లయినా ఆ మాట నాకు మింగుడు పడలేదు. నోట్‌బుక్‌లో రాసి ఉన్నది బ్యాడ్ లక్ ఎలా అవుతుంది? ఆయిల్ ఫిల్టర్ కోసి చూస్తే మడతల్లో మెరిసే రజను, ఒక్క ప్లగ్గు మీద వేరే రంగు, ఒక్క స్ప్రింగు బలం మిగతావాటికంటే తగ్గడం... ఆగిపోయే ఇంజన్ చాలాసార్లు ముందే చెప్తుంది. ఆ చెప్పింది విన్నవాడు ఆ జట్టులో అందరికంటే చిన్నవాడై ఉంటాడు, అంతే తేడా.

తల్లిదండ్రులూ, మీరు ఫోన్లు కాస్త పక్కన పెట్టండి, ఇది మీకే. ఇంటికెళ్లాక కప్పు గురించి అడిగే ముందు ఆ బోల్టు గురించి అడగండి. ఎలా కనిపెట్టావు, ఎవరితో చెప్పావు, వాళ్లేమన్నారు అని. ఆ రోజు ఆగి విన్న మిగతా పిల్లలూ, లేచి నిలబడండి. చప్పట్లు మీకు కూడా కొట్టాలి. కొట్టండి... ఇంకా గట్టిగా.

భోజనాలకు ఆలస్యమైందని సైగ చేస్తున్నారు, అయిపోయింది. ఆ నోట్‌బుక్ తెచ్చాను, ఈ బల్ల మీద పెడుతున్నాను. నూనె మరకలున్నాయి, పేజీలు జాగ్రత్తగా తిప్పండి. చీటీ పెట్టిన చోట చూడండి: ఏడో ఎగ్జాస్ట్, ఆరు థౌ తక్కువ. దాని పక్కన సరిచేశానని ఒక టిక్కు ఉంటుంది. ఆ టిక్కు పెట్టింది నేనే.