పని ముగిశాక మిగిలిన సామాను ఎవరిది?

గౌరవనీయులైన సభాధ్యక్షులకు, ఈ సమావేశానికి వచ్చిన వృత్తి పనివారికి, వారితో పని చేయించుకునే ఇళ్ళ యజమానులకు నమస్కారం.

పని ముగిశాకనో, మధ్యలో ఆగిపోయాకనో పనివారు వెళ్ళిపోతారు. వారు తెచ్చిన సామానులో కొంత మాత్రం పని జరిగిన చోటే ఉండిపోతుంది. నాలుగు పెట్టెల టైల్స్, సగం వాడిన వైరు చుట్ట, గోడకు ఆనించిన ప్లైవుడ్ ముక్కలు, రంగు డబ్బాలు, ఒక్కోసారి డ్రిల్లింగ్ మిషనో నిచ్చెనో కూడా. వాటి సంగతి వెంటనే ఎవరూ ఎత్తరు. తుది బిల్లు దగ్గర మాట తేడా వచ్చిన రోజున అవి ఇద్దరికీ ఒకేసారి గుర్తుకొస్తాయి. ఈ తగాదాల్లో చాలా వాటికి మూలం తేలని బిల్లేనని, సామాను దానికి తాకట్టుగా మారుతుందని నా అభిప్రాయం. అయినా వస్తువు ఎవరిదన్న ప్రశ్నకు విడిగా ఒక సమాధానం ఉంది. బిల్లు సంగతి పక్కన పెట్టి ముందు దాన్ని తేల్చుకుంటే మిగతా లెక్క సులువవుతుంది.

ఇంటి యజమాని సాధారణంగా, నా ప్రహరీ లోపల ఉన్నది నాదే అనుకుంటాడు. పనివాడేమో, నేను మోసుకొచ్చాను కాబట్టి నాదే అనుకుంటాడు. వస్తువు ఎక్కడ ఉందన్నది స్వాధీనానికి సంబంధించిన విషయం. ఎవరు మోసుకొచ్చారన్నది రవాణాకు సంబంధించిన విషయం. యాజమాన్య హక్కును ఈ రెండూ నిర్ణయించవు. యజమాని చెల్లించిన డబ్బు దేనికి చెల్లించాడన్నదే అసలు ప్రశ్న.

పని ఒప్పందాలు స్థూలంగా ఏ పద్ధతిలో జరుగుతాయో చూస్తే ఇది తేటపడుతుంది. కూలి మాత్రమే మాట్లాడుకుని సామాను యజమానే కొని ఇచ్చినప్పుడు మిగిలినదంతా, కోసిన ముక్కలతో సహా, యజమానిదే. పనివాడు వాటిని తీసుకెళ్ళాలంటే అడగాలి. సామానుతో సహా మొత్తం పనికి ఒకే ధర మాట్లాడుకున్నప్పుడు యజమాని కొన్నది పూర్తయిన పనిని. అందులో సామాను తక్కువపడితే పనివాడే తన చేతి డబ్బు పెట్టి తెచ్చుకోవాలి కనుక, ఎక్కువైతే మిగిలినది అతనికే చెందడం న్యాయం. కొన్న బిల్లుల ప్రకారం సామాను డబ్బు, దానిపై విడిగా కూలి అని మాట్లాడుకున్న చోట లెక్క మళ్ళీ మారుతుంది. 30 పెట్టెల టైల్స్ బిల్లు యజమాని చెల్లించి ఉంటే, నేల మీద పరిచింది 26 పెట్టెలే అయినా, మిగిలిన నాలుగూ ఆయనవే. ఇదే నాలుగు పెట్టెలు ఒక ఒప్పందంలో పనివాడివి, మరో ఒప్పందంలో యజమానివి అవుతున్నాయంటే, పెట్టెల వైపు చూసి ప్రయోజనం లేదు, ఒప్పందం వైపు చూడాలి.

చిక్కంతా అడ్వాన్సు దగ్గర వస్తుంది. సామాను కోసమని యజమాని కొంత ముందుగా ఇస్తాడు, పనివాడు ఆ డబ్బుతో కొంత సరుకు తెస్తాడు, పని ఆగిపోతుంది. ఇచ్చిన డబ్బుతో కొన్నది కనుక సరుకు తనదేనని యజమాని వాదన. ఇది సగమే నిజం. భారతదేశపు 1930 నాటి వస్తు విక్రయ చట్టం ప్రకారం, ఫలానా వస్తువులేనని నిర్ధారణ కాని సరుకుపై హక్కు కొనుగోలుదారుకు మారదు. నిర్ధారణ అయిన సరుకుపై హక్కు ఇరుపక్షాలూ ఎప్పుడు మారాలని ఉద్దేశించాయో అప్పుడు మారుతుంది. ఆ ఉద్దేశాన్ని ఒప్పందంలోని షరతుల నుంచి, వారి నడవడి నుంచి, పరిస్థితుల నుంచి గ్రహించమని చట్టం చెబుతుంది. అడ్వాన్సును మొత్తం పని ధరలో భాగంగా ఇచ్చి ఉంటే అది పనివాడి అప్పు అవుతుంది తప్ప సరుకు ధర కాదు. ఫలానా తలుపులకు, ఫలానా కుళాయిలకు అని పేరు పెట్టి ఇచ్చి, అవే తెచ్చి చూపించి ఉంటే యజమాని వాదనకు బలం చాలా పెరుగుతుంది. రసీదు మీద రాసే ఒక్క వాక్యం విలువ ఇక్కడ తెలుస్తుంది.

ఇంతవరకూ విడిగా ఉన్న సామాను గురించి చెప్పాను. గోడలోకి, నేలలోకి చేరిపోయిన సామాను సంగతి వేరు, దాని చరిత్ర చాలా పాతది. క్రీస్తుపూర్వం 5వ శతాబ్దం నాటి రోమన్ల పన్నెండు పట్టికల చట్టం, ఒకరి దూలం మరొకరి ఇంట్లో చేరిపోతే దాన్ని పీకకూడదని శాసించింది. దూలం సొంతదారుకు రెట్టింపు విలువ రాబట్టుకునే దావా హక్కు ఇచ్చింది. దూలమన్న మాట కింద కట్టడానికి వాడే సమస్త సామగ్రినీ న్యాయకోవిదులు చేర్చారు. ఆ రెట్టింపు విలువ అందని సొంతదారు, ఇల్లు ఎప్పుడైనా కూలిపోతే తన దూలాన్ని తిరిగి అడగవచ్చని 6వ శతాబ్దపు రోమన్ చక్రవర్తి జస్టినియన్ కాలపు పాఠాలు చెబుతాయి. కట్టిన ఇళ్ళను కూల్చుకుంటూ పోతే ఎవరికీ మేలు లేదన్నది దీని వెనుక ఉన్న ఆలోచన. 1900లో అమల్లోకి వచ్చిన జర్మన్ పౌర స్మృతి కూడా స్థలంలో విడదీయరాని భాగమైన వస్తువు స్థల యజమానికే చెందుతుందని చెప్పి, నష్టపోయినవారికి పరిహారం కోరే దారి చూపింది.

చేరిపోవడం అంటే ఏమిటో తేల్చడానికి ఇంగ్లండ్ న్యాయస్థానం 1872లో హాలండ్ వర్సెస్ హాడ్జ్‌సన్ కేసులో చెప్పిన ఉదాహరణను మించినది నాకు కనబడలేదు. సున్నం పెట్టకుండా ఒకదానిపై ఒకటి పేర్చిన రాళ్ళు పొలానికి గోడగా నిలిస్తే అవి భూమిలో భాగం. అవే రాళ్ళను కట్టుబడివాడు తన ఆవరణలో చోటు కలిసొస్తుందని గోడలాగే పేర్చుకుంటే అవి విడి వస్తువులే. ఎంత గట్టిగా అతికింది అన్న ప్రశ్నతో పాటు ఎందుకు అక్కడ పెట్టారన్న ప్రశ్న కూడా అడగాలన్నమాట. నాలుగు బోల్టులతో బిగించిన వాటర్ హీటర్, తాత్కాలికంగా వేలాడదీసిన విద్యుత్ బోర్డు వంటి వాటిపై వాదన వచ్చినప్పుడు ఈ రెండో ప్రశ్నే ఎక్కువగా పనికొస్తుంది. భారత సుప్రీంకోర్టు కూడా 1958లో గానన్ డంకర్లీ అనే నిర్మాణ సంస్థ కేసులో, కట్టడ ఒప్పందంలో సామగ్రిపై హక్కు అది కట్టడంలో కలిసినప్పుడు కట్టడంతో పాటే మారుతుందని, విడి సరుకుగా అమ్మకం జరగదని చెప్పింది. అది పన్నుల తగాదా. పన్ను విషయంలో స్థితిని తర్వాత 1982లో 46వ రాజ్యాంగ సవరణ మార్చింది. కలిసిన క్షణమే కీలకమన్న ఆలోచన మాత్రం మనకు ఇప్పటికీ ఉపయోగపడుతుంది.

దీని పర్యవసానం పనివారికి చేదుగా ఉంటుంది. డబ్బు అందలేదని వేసిన టైల్స్ పగలగొట్టడం, బిగించిన తలుపు ఊడదీసుకుపోవడం కుదరదు. అవి అప్పటికే ఇంటివి, మిగిలింది బాకీ మాత్రమే. కాని ఇంకా వాడని సామాను సంగతి పూర్తిగా వేరు. 1979లో ఇంగ్లండ్‌లో డాబర్ విలియమ్సన్ అనే కప్పు పనుల సంస్థ ఒక స్థానిక మండలిపై వేసిన దావా దీనికి మంచి నిదర్శనం. ఆ సంస్థ ప్రధాన కాంట్రాక్టరు కింద పని తీసుకుని కప్పుకు వేసే పలకరాళ్ళు పని స్థలానికి చేర్చింది. మండలి వాటి డబ్బు ప్రధాన కాంట్రాక్టరుకు చెల్లించింది, ఆ కాంట్రాక్టరు దివాలా తీశాడు, పలకల డబ్బు సంస్థకు అందలేదు. ప్రధాన కాంట్రాక్టరుకే లేని హక్కును అతని నుంచి మండలి పొందలేదన్న వాదన నెగ్గింది. ఒకసారి డబ్బు చెల్లించిన మండలి నష్టపోవడం కఠినంగానే కనిపిస్తుంది, అయినా తీర్పు సరైనదేనని నేను అనుకుంటాను. పరంజా కర్రలు, సెంట్రింగ్ రేకులు వంటి అద్దె సామాను విషయంలోనూ ఇదే సూత్రం. మేస్త్రీ మీద బాకీ ఉందని వాటిని ఆపుకున్న యజమాని, నిజానికి తనకు ఏ సంబంధమూ లేని మూడో వ్యక్తి ఆస్తిని ఆపుకుంటున్నాడు.

ఇక వదిలేశాడు కదా అనే వాదన. వదిలి వెళ్ళడానికీ వదులుకోవడానికీ మధ్య చట్టం గట్టి గీత గీస్తుంది. వస్తువుపై హక్కు వదులుకున్నాడని చెప్పాలంటే ఆ ఉద్దేశం కనబడాలి. కాలం గడవడం ఒక్కటే చాలదు. రంగు అంటిన బ్రష్షులు, చేయెడు పొడవు పైపు ముక్కలు మూల పారేసి పోతే ఉద్దేశం వేరుగా అడగక్కర్లేదు. తాళం వేసిన పనిముట్ల పెట్టె ఆరు నెలలు ఉండిపోయినా అతను దాన్ని వదులుకున్నాడని ఎవరూ నమ్మరు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం, ఇతరుల వస్తువు దొరికి దాన్ని తన స్వాధీనంలోకి తీసుకున్నవారికి, వస్తువును అప్పగింతగా పుచ్చుకున్నవారికి ఉండే బాధ్యతే ఉంటుందంటుంది. తన సొంత వస్తువును సామాన్య వివేకం ఉన్న మనిషి ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో అంత జాగ్రత్త అన్నమాట. నిజాయతీ లేకుండా దాన్ని సొంతానికి వాడుకుంటే అది నేరం దాకా వెళ్ళవచ్చు.

బాకీ ఉందని సామాను ఆపుకోవచ్చా అన్న ప్రశ్న తరచూ ఎదురవుతుంది. చట్టం ఈ హక్కును ఇచ్చింది వస్తువుపై శ్రమో నైపుణ్యమో వెచ్చించిన పనివాడికి, తన దగ్గరున్న ఆ వస్తువుపైనే, ఆ పని కూలి కోసమే. మరమ్మతుకిచ్చిన గడియారం ఉదాహరణ 2024 దాకా అమల్లో ఉన్న భారత శిక్షాస్మృతిలోనే ఉండేది, దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ ఉంది. కూలి బాకీ కింద న్యాయంగా ఆపుకున్న గడియారాన్ని, ఆ హామీ అతనికి దక్కకుండా చేయాలని సొంతదారే తీసుకుపోతే, అతను తన సొంత గడియారాన్ని దొంగిలించినవాడవుతాడు. ఇంటి యజమానికి ఇలాంటి హక్కు మామూలుగా లేదు. పని నాసిరకంగా ఉందన్న ఫిర్యాదుకు నష్టపరిహారం అడగాలి గాని, ప్లంబరు రెంచీలు దాచకూడదు. అతని రోజు కూలి ఆ రెంచీల మీదే ఆధారపడి ఉంటుంది కనుక దాచినవారి మీద తిరిగి నష్టపరిహారపు లెక్క కూడా రావచ్చు.

తిరగబడిన తగాదా ఒకటుంది, దాని గురించి తక్కువగా మాట్లాడతారు. పాత ఇంటి నుంచి ఊడదీసిన రాగి వైరు, ఇత్తడి కుళాయిలు, టేకు గుమ్మాలు ఎవరివి? వేరే మాట లేకపోతే అవి ఇంటి యజమానివే. తొలగించే కూలిలో పాత సామాను విలువ తగ్గించుకుని ధర చెప్పి ఉంటే అవి పనివాడివి. ధర చెప్పినప్పుడు ఆ మాట అనకుండా, సామాను బండెక్కించాక అనడం ఎవరికీ నచ్చదు.

ఈ వాదనలన్నింటికీ నేను పెట్టే పరీక్ష ఒకటుంది. బయట పెట్టిన సిమెంటు బస్తాలు రాత్రి వానకు గడ్డకట్టిపోతే ఎవరు నష్టపోతారని ఇద్దరినీ అడగండి. మంచి సిమెంటును నాదన్న మనిషి గడ్డకట్టిన సిమెంటును నీదంటాడు. వస్తు విక్రయ చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే నష్టం హక్కును అనుసరిస్తుంది కాబట్టి ఈ రెండు మాటలూ కలిసి నిలవవు.

పనివాడు ఎప్పటికీ తీసుకెళ్ళని సామానును చివరికి ఏం చేయాలి? ఇంగ్లండ్‌లో వస్తువుల విషయంలో 1977 నాటి చట్టం ఒక పద్ధతి పెట్టింది. అప్పగింతగా ఉన్న వస్తువులను తీసుకెళ్ళమని నోటీసు ఇవ్వాలి. వాటి మీద రావలసిన బాకీ ఉంటే, అమ్మకానికి కనీసం మూడు నెలల ముందు తెలియజేయాలి. గడువు దాటితే అమ్మవచ్చు, ఖర్చులు పోగా మిగిలిన డబ్బు సొంతదారుకు లెక్క చెప్పాలి. ఆ చట్టం వర్తించని చోట కూడా ఇదే వరసలో నడిస్తే తప్పుబట్టడం కష్టం. ముందుగా సామాను ఫొటోలు తీసి జాబితా రాయాలి. దాన్ని పనివాడికి లిఖితపూర్వకంగా పంపి, తీసుకెళ్ళడానికి వీలైన రోజులు, వేళలు చెప్పాలి. గడువు ఇచ్చేటప్పుడు బిల్లు తగాదా ప్రస్తావన అందులో చేర్చకపోవడం మంచిది. చేరిస్తే నోటీసు కాస్తా బేరంగా మారుతుంది. ఆ తర్వాత అమ్మవలసి వస్తే దాని బిల్లు, రవాణా ఖర్చు రసీదు భద్రపరచాలి, మిగిలిన మొత్తం అతని పేరిట విడిగా ఉంచాలి.